ముందు నిలబడే ముక్క

మా ఒడ్డున నిలబడి "కోబినా!" అని ఒక్క కేక పెట్టి చూడండి. వలలు బాగుచేసుకునే పాకలోంచి నలుగురు తల ఎత్తుతారు, పడవల మధ్య నుంచి ముగ్గురు "ఏంటీ?" అంటారు, మొక్కజొన్న పిండితో చేసే కెంకే ముద్దలు అమ్మే బండి దగ్గర ఒకడు పెళ్ళాం వచ్చిందేమోనని తింటున్న ముద్దతో సహా దాక్కుంటాడు. మంగళవారం పుట్టిన మగపిల్లాడు మాలో కోబినాయే. శుక్రవారం పుట్టిన ఆడపిల్ల ఎఫువా. నేను ఎఫువాని, నా పక్క పొయ్యి మీద చేపలు పొగబెట్టే ఆవిడ ఎఫువా, మా ఇద్దరికీ గిట్టని మూడో ఆవిడ కూడా ఎఫువాయే. వారానికి ఏడు రోజులే పెట్టిన దేవుడు మా ఊరికి పిల్లల్ని మాత్రం అంత పొదుపుగా ఇవ్వలేదు. అందుకని అసలు పేరు చర్చిలో ఉంటుంది, మనిషిని పిలవడానికి మారుపేరు ఉంటుంది.

మా ఈడువాళ్ళ మారుపేర్లన్నీ మేడమ్ ఒటూ తరగతి గదిలో పుట్టాయి.

మేడమ్ ఒటూ మాకు ఇంగ్లీషు చెప్పేది. గొంతు చూస్తే సముద్రానికి వినపడేంత, మనిషి చూస్తే తలుపులో పక్కకి తిరిగితే గానీ పట్టనంత. పొడుగాటి ఇంగ్లీషు మాట ఒకటి కనబడిందంటే ఇక ఆమెకు పండగే. "అంత చేపను ఎవరైనా అలాగే మింగుతారా? తల కొయ్యండి! తోక కొయ్యండి! నడుం ముక్క చేతిలో పట్టుకోండి!" అని అరిచేది. పాలడబ్బాలు వచ్చే అట్టపెట్టెలు చింపి, ఒక్కో అట్ట మీద ఒక్కో ముక్క రాసి, ఏడాది మొదట్లో ఒక్కొక్కరి మెడలో వేసేది. నడుం ముక్కలు రోజుకొకటి మారేవి గానీ తలలూ తోకలూ ఏడాదంతా అవే. ఆమె మాట చెప్పగానే ఆ ముక్కల పిల్లలు లేచి బల్లల మధ్య వరసగా నిలబడాలి. మిగతావాళ్ళం వల లాగేటప్పుడు కొట్టినట్టు ముక్కకొక చప్పట్టు కొట్టాలి. చివర్లో ఆమె "లాగండి!" అని కేక వేస్తే వరసలోవాళ్ళు భుజాలు రాసుకునేలా దగ్గరికి జరిగి మాట మొత్తం ఒక్క గొంతుతో అరవాలి. ఆ అరుపుకి పక్క వీధిలో కోళ్ళు ఎగిరి గోడ ఎక్కేవి.

నా మెడలో 'మెంట్' పడింది. అది తోక. దాని గురించి చెప్పడానికేమీ లేదు. కోజో అనేవాడికి 'షన్' పడింది. అదీ తోకే, కానీ ఇంగ్లీషులో గొప్ప గొప్ప మాటలన్నీ షన్‌తోనే ముగుస్తాయి గనుక వాడికి రోజంతా గిరాకీ. ఆ గిరాకీ వాడి తలకెక్కి ఇప్పటికీ దిగలేదు. ఎవరు ఏం మాట్లాడుతున్నా చివరి మాట కోజో షన్‌దే కావాలి.

మా తమ్ముడు కోబినాకి 'అన్' పడింది. వాడు నాకన్నా ఏడాదిన్నర చిన్నవాడు. అయినా ఇద్దరం ఒకే తరగతిలో ఎందుకున్నామన్నది ఈ కథకు అనవసరం.

అన్ తల ముక్క. చూడ్డానికి ఇంతే ఉంటుంది గానీ మహా తిరగమరగ ముక్క. హ్యాపీ అంటే సంతోషం. దాని ముందు అన్ వచ్చి నిలబడితే సంతోషం ఎగిరిపోయి ఏడుపు మిగులుతుంది. లక్కీ అంటే అదృష్టవంతుడు. అన్ వచ్చాడా, అదృష్టం హుళక్కి. మేడమ్ దీన్ని ఆటలా చూపించేది. లక్కీ అట్ట వేసుకున్న పిల్ల పళ్ళికిలిస్తూ నిలబడేది, మా కోబినా వచ్చి దాని ముందు నిలబడగానే అది మొహం వేలాడేసుకోవాలి. అందరం పడి పడి నవ్వేవాళ్ళం.

పిల్లలుగా ఉన్నంతకాలం అది ఆటే. పెద్దయ్యి సముద్రం మీదికి వెళ్ళాక ఆట కాకుండా పోయింది. కోబినా మొదటిసారి పడవ ముందు కొసన నిలబడ్డ రోజు వల రాయికి పట్టుకుని నిలువునా చిరిగింది. కోజో షన్‌కి పిల్లనడగడానికి వెళ్ళినప్పుడు కానుకల బుట్ట మోస్తూ అందరికన్నా ముందు నడిచింది కోబినాయే. పిల్ల తండ్రి గుమ్మంలోనే కాదు పొమ్మన్నాడు. ఆ తండ్రి కాదన్నది షన్ నోరు చూసి అని ఊరందరికీ తెలుసు. షన్‌కి మాత్రం అలా తెలియలేదు.

"వాడు దేని ముందు నిలబడితే అది తిరగబడుద్ది" అని తేల్చేశాడు. "నేను చెప్పట్లేదు, మేడమే నేర్పింది."

తల ముక్కని తీసుకెళ్ళి తోక దగ్గర పెడితే దానికి బలం ఉండదని కూడా మేడమే నేర్పింది. దాంతో మా కోబినా బతుకంతా వెనక్కి వెళ్ళిపోయింది. పడవలో వెనక కొసన కూర్చుని అడుగున చేరే నీళ్ళు తోడి పోయడం వాడి పని. అందరూ ఎక్కాక ఎక్కాలి, అందరూ దిగాక దిగాలి. ఫుట్‌బాల్ ఆడితే గోలు వెనకాల నిలబడి బంతి ఏరుకొచ్చేవాడు. ఆఖరికి వాడి పెళ్ళి రోజున కూడా చర్చిలోకి చుట్టాలందరూ వెళ్ళాక చివర వెళ్ళాడు. పాస్టర్ కాసేపు పెళ్ళికొడుకు ఎవరా అని వెతుక్కున్నాడు. పెళ్ళికూతురు ఎసి వెనక్కి తిరిగి, "అదిగో, తలుపు దగ్గర, చెప్పులు వరసగా పెడుతున్నాడే, ఆయనే" అని చూపించింది.

వాడికి కోపం రాదు. వాడి బదులు నాకు వచ్చేది. వాడే నన్ను ఊరుకోబెట్టేవాడు. "పోన్లే అక్కా, వెనక గాలి బాగుంటుంది" అనేవాడు. అబద్ధం. వెనక ఇంజను పొగ తప్ప ఏమీ ఉండదు.

మా క్వామెనా మామయ్య మోకాళ్ళు పోయాక అసలు గొడవ మొదలైంది. మాలో మేనమామ పడవ మేనల్లుడికి వస్తుంది. మామయ్యకి ఉన్న మేనల్లుడు కోబినా ఒక్కడే. పడవ ఎవరిదైతే వాడు ముందు కొసన నిలబడాలి, నీటి రంగు చూడాలి, ఇదిగో ఇక్కడ వల దింపండి అని చెయ్యి ఎత్తాలి. నీటి రంగు చదవడం వాడికి మామయ్యే నేర్పాడు, చిన్నప్పటి నుంచి. వెనక కూర్చుని కూడా వాడు చూసి చెబితే తప్పేది కాదు. చెప్పింది మాత్రం షన్ గట్టిగా అరిచి తన మాటలా చెప్పేవాడు.

పడవ పేరు డిపెండబుల్. అంటే నమ్ముకోదగ్గది. మామయ్య ఆ రోజుల్లో మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి కావాలని అడిగి మరీ రాయించుకున్నాడు. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి నా మోచెయ్యంత.

పడవ కోబినాకి ఇస్తున్నానని మామయ్య అనగానే తెడ్లు వేసేవాళ్ళు, వలవాళ్ళు అందరూ తెడ్లు కింద పెట్టేశారు.

మంగళవారం మా సముద్రానికి సెలవు. ఎవరూ పడవ దింపరు, కనుక తగాదాలన్నీ ఆ రోజుకి దాచుకుంటాం. జాలరుల పెద్ద నానా ఎసెల్ పాకలో పంచాయితీ పెట్టాడు. పెద్దమనిషిని మాలో నానా అని పిలుస్తాం. కోజో షన్ లేచి బట్ట దులుపుకుని నిలబడ్డాడు.

"నానా, కోబినా బంగారం లాంటోడు. నీళ్ళు తోడ్డంలో వాడంతటోడు ఈ ఒడ్డునే లేడు. కానీ పడవ మీద ఏం రాసుంది? నమ్ముకోదగ్గది అని రాసుంది. దాని ముందు కొసన పోయి అన్ నిలబడితే ఏమవుద్ది? నమ్మలేనిది అవుద్ది. చదువుకున్నోళ్ళం నానా మేమంతా. తెలిసి తెలిసి ఎలా ఎక్కుతాం?"

"నీ చదువు తగలెయ్య" అన్నాను నేను.

నానా ఎసెల్ బడి మొహం చూసినవాడు కాదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు. "ఈ అన్ అనేది ఏంట్రా? దయ్యమా, రోగమా?"

"ముక్క, నానా."

"ముక్కకా ఇంత భయం?"

"తల ముక్క, నానా" అన్నాడు షన్. వెనకనున్నవాళ్ళంతా గంభీరంగా తలలు ఊపారు.

"నా మోకాళ్ళు పోయాయి గానీ చేతికర్ర పోలేదురా షన్" అన్నాడు మామయ్య. నానా ఆయన్ని కూర్చోమన్నాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"భయపడ్డ మనిషిని పడవలోకి నెట్టలేను, క్వామెనా" అన్నాడు చివరికి. "వచ్చే మంగళవారం దాకా చూద్దాం. ఈలోగా ఏదో ఒక దారి దొరికిందా సరే. లేదా, పక్క ఒడ్డు వాడెవడో కొంటానంటున్నాడుగా, ఇచ్చెయ్యి."

పడవ పోతే నా పొయ్యిలకి చేప ఉండదు. అది సరే, ఎలాగో బతుకుతాను. కోబినా మాత్రం చచ్చేదాకా ఎవడి పడవలోనో నీళ్ళు తోడుతూనే ఉంటాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో వాడన్న మాట నా గుండెల్లో గుచ్చుకుంది.

"వాళ్ళనేది నిజమేనేమో అక్కా. తరగతి మొత్తానికి మొద్దుని నేనే. మేడమ్ నాకది శిక్షగా ఇచ్చుంటది."

మర్నాడే మేడమ్ ఒటూ ఇంటికి వెళ్ళాను. బడి మానేసి ఏళ్ళయింది, ఒక చెవి వినపడదు, నడుం ఇంకా పెరిగింది. కెంకే ముద్దని మూడు ముక్కలు చేసుకుని తింటోంది. తల, నడుం, తోక అనే అనుకుంటుందని నేను ఒట్టేసి చెప్పగలను. కథంతా చెప్పాను. మొదట తలగుడ్డ జారిపోయేలా నవ్వింది. కోబినా పెళ్ళి సంగతి విన్నాక నవ్వడం ఆపేసింది.

"మాట చదవమని నేర్పితే మనిషిని చదివారా వెధవలు!" అంది. "మంగళవారం వస్తున్నాను. నా అట్టలు ఎక్కడున్నాయో వెతుకు."

వచ్చింది. సంచి నిండా పాత అట్టలతో వచ్చింది. పాకలో ముదురు మగాళ్ళంతా ఆమెను చూడగానే లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్, మేడమ్" అని సాగదీశారు. ఇద్దరు గోళ్ళు చూసుకున్నారు, మురికిగా ఉన్నాయేమోనని.

"కూర్చోండి. కోబినా మెడలోంచి అన్ తీసేస్తున్నాను. ఇవాళ్టి నుంచి వీడు 'రీ'. రీ అంటే ఏంటి?"

"మళ్ళీ, మేడమ్" అన్నారందరూ.

"మళ్ళీ చేపలు, మళ్ళీ లాభం. ఇక ఎక్కండి."

షన్ చెయ్యి ఎత్తాడు. "మేడమ్, మళ్ళీ అంటే ఏది మళ్ళీ? మొన్న ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. అదే మళ్ళీనా?"

పాకంతా గుసగుసలు. కిందటేడు గాలివాన గుర్తొచ్చింది ఒకడికి. అంతకుముందు మునిగిన పడవ గుర్తొచ్చింది ఇంకొకడికి. కాసేపట్లోనే, మళ్ళీ రాకూడనివే మనుషుల జీవితాల్లో ఎక్కువని తేలింది. రీ అట్ట సంచిలోకి వెళ్ళిపోయింది.

మేడమ్‌కి పట్టుదల వచ్చింది. ఇంకో అట్ట తీసింది. "అయితే వీడు 'సూపర్'."

ఆమె చేసిన తప్పు అదొక్కటే. సూపర్ అనేది మా రోజుల్లో ఎవరికీ ఇవ్వలేదు. అది చూడగానే పడవవాళ్ళంతా ఒక్కసారి లేచారు. ఎన్నేళ్ళుగా తోకగా బతుకుతున్నామనీ, పెద్దవాళ్ళం ముందు మాకివ్వాలనీ, నీళ్ళు తోడేవాడికి సూపరేంటనీ ఒకటే గోల. ఇద్దరు అట్ట పట్టుకుని చెరోవైపు లాగారు, అది చిరిగింది. ఒకడికి 'సూ' మిగిలింది, రెండోవాడికి 'పర్'. నానా గంట కొట్టించాల్సి వచ్చింది.

"అయినా మేడమ్, ఇన్నేళ్ళు అన్‌గా బతికాడు, అట్ట మారిస్తే మనిషి మారతాడా?" అన్నాడు షన్ రొప్పుతూ. చివరి మాట వాడిదే మరి.

ఇక అయిపోయిందనుకున్నాను. మామయ్య కర్ర మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు అందరికన్నా వెనక, గుంజ దగ్గర నిలబడ్డ కోబినా నోరు విప్పాడు. పంచాయితీలో వాడి గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మేడమ్, నాకు అన్ ఎందుకిచ్చారు?"

"ఆఁ?" అంది మేడమ్. వినపడే చెవి వాడివైపు తిప్పింది.

"శిక్షకేనా?"

"శిక్షేంట్రా!" ఆమె గొంతుకి పాక చూరులో పిట్టలు లేచాయి. "తోక ముక్క ఎవడైనా అవుతాడు. ముందు ఎవడో ఒకడుంటాడు, వెనక నిలబడి అరవడమే. తల ముక్క అలా కాదు. ఎంత పెద్ద మాటైనా వాడే ముందు నిలబడాలి, చూసేవాళ్ళ కళ్ళన్నీ వాడి మీదే. ఆ అట్ట వేద్దామంటే ప్రతి పిల్లాడూ ఏడ్చాడు. ఈ షన్ గాడు బల్ల కింద దూరాడు. నువ్వొక్కడివే మెడ వంచి వేయించుకున్నావు. వెళ్ళి ముందు నిలబడ్డావు. చదవడం రాకపోయినా కదల్లేదు. అందుకిచ్చాను."

బల్ల సంగతి నిజం గనుక షన్ మెల్లిగా ఇద్దరి వెనక్కి జరిగాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇన్నేళ్ళుగా వాడు తలుపు దగ్గర చెప్పులు వరస పెడుతూ మోసింది శిక్ష అన్న ఆ మాటేనా!

కోబినా ఏడవలేదు. పాకలోంచి బయటికి నడిచాడు. మంగళవారాలు పడవలకి రంగులు వేసుకుంటాం కాబట్టి పక్క పడవ దగ్గర డబ్బాలు తెరిచి ఉన్నాయి. నీలం డబ్బా తీసుకున్నాడు, మామయ్య పడవ దగ్గరికి వెళ్ళాడు, మోచెయ్యంత కుంచెతో పేరు మీద పూయడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నా పడవ!" అని మామయ్య లేవబోయి మోకాళ్ళు గుర్తొచ్చి కూర్చున్నాడు. అందరం పరిగెత్తాం. వాడు 'డిపెండ్' మొత్తం చెరిపేశాడు. 'ఏబుల్' అన్న తోకని మాత్రం ముట్టుకోలేదు. నీలం ఆరేదాకా గట్టు మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. రంగు ఆరడం చూస్తూ ఊరంతా కూర్చోవడం అదే మొదటిసారి. ఆరాక తెల్ల రంగు తీసుకుని, నాలుక బయటపెట్టి, చిన్నప్పటిలా వంకర టింకరగా, ఖాళీ చేసిన చోట 'సింక్' అని రాశాడు.

షన్ పెదాలు కదుపుతూ చదివి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "సింకబుల్! మునిగిపోయేది అని రాశాడ్రోయ్! పడవ మీద మునిగిపోయేది అని రాశాడు!"

ఆడవాళ్ళు కేకలు పెట్టారు. నానా అర్థం చెప్పించుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. మా ఒడ్డు పుట్టాక ఏ పడవ మీదా అలాంటి మాట రాయలేదు. రాసినవాణ్ణి తన్నాలో పడవని తగలబెట్టాలో ఎవరికీ తోచడం లేదు.

కోబినా కుంచె కింద పెట్టాడు. చేతులు లాగూకి తుడుచుకున్నాడు. పడవ ఎక్కాడు. వెనక్కి వెళ్ళలేదు. బల్లలు ఒక్కొక్కటీ దాటుకుంటూ ముందుకి నడిచి, పేరు మొదలయ్యే చోటు దాటి, ముందు కొసన నిలబడ్డాడు. సముద్రం వైపు తిరిగి కదలకుండా నిలబడ్డాడు.

మొదట చప్పట్టు కొట్టింది మేడమే. తరగతి గదిలో చప్పట్టు అది, మా అందరికీ చేతుల్లోనే ఉంది. రెండో చప్పట్టుకి నేను కలిశాను, మూడో దానికి పడవవాళ్ళు కలిశారు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళ కళ్ళు కోబినా దగ్గర మొదలై పేరు వెంట నడిచాయి.

"అన్."

"సింక్."

"ఏబుల్."

"లాగండి!" అని అరిచింది మేడమ్ ఒటూ, వయసు మరిచిపోయి. ముదిరిన మగాళ్ళందరూ భుజాలు రాసుకుంటూ పడవకి ఆనుకుని, ఆ మాట మొత్తం ఒక్క గొంతుతో అరిచారు. మునగనిది! ఈసారి కోళ్ళు కాదు, మేకలు పారిపోయాయి.

ఆ తర్వాత సంగతి అడక్కండి. మునిగిపోయేది అని రాసున్న పడవని అన్ లేకుండా నీళ్ళలో దింపడానికి ఒక్కడికీ ధైర్యం లేదు. వాడు వచ్చి ముందు కొసన నిలబడేదాకా ఎవడూ కాలు తడుపుకోడు. ఒకరోజు జ్వరమొచ్చి పడుకుంటే షన్ మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, దుప్పటితో సహా ఎత్తుకెళ్ళి ముందు కొసన పెట్టాడు. ఎసి తిడుతూ గంజి గిన్నెతో వెంటబడింది. "అక్కా, ఒక్కరోజు సెలవిప్పించవే" అని దుప్పటిలోంచి మా తమ్ముడు. ముందుకొస్తానని ఎన్నేళ్ళు ఎదురుచూశావు, ఇప్పుడు మూలుగుతావేంట్రా అని కసిరాను. వాడు నవ్వాడు. నవ్వి, చెయ్యి ఎత్తి నీటి రంగు చూపించాడు. ఆ రోజు నా పొయ్యిలన్నీ నిండాయి.

పేరు మార్చుకుందామా, మళ్ళీ డిపెండబుల్ రాయిద్దామా అని మామయ్య ఒకసారి అన్నాడు. పడవవాళ్ళు ఒప్పుకోలేదు. నమ్ముకోదగ్గది అని రాసుంటే సముద్రానికి పౌరుషం వస్తుందట.

మేడమ్ ఒటూని కిందటేడు సాగనంపాం. శవపేటిక ముందు నడవమని ఊరంతా అడిగింది కోబినానే. వాడు నడిచాడు. ఈమధ్యే బడికి కేప్ కోస్ట్ పట్నం నుంచి ఒక చిన్న టీచరమ్మ వచ్చింది. అట్టలూ లేవు, చప్పట్లూ లేవు, పిల్లలు బుద్ధిగా కూర్చుని పుస్తకాల్లో చదువుకుంటారు.

మొన్న బడి ముందు నుంచి పోతుంటే కోజో షన్ గొంతు వినపడి ఆగాను. జుట్టు నెరిసింది, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను చూడలేదు.

"ఒక్కణ్ణి తయారు చెయ్యండమ్మా" అని బతిమాలుతున్నాడు. "ఇందరు పిల్లలున్నారు, ఒక్క అన్. మా కోబినాకి వయసు మీద పడుతోంది. వాడి మేనల్లుణ్ణి, ఆ ఎఫువా కొడుకుని, అడిగితే బడిలో వాడికి ఏ ముక్కా ఇవ్వలేదంటున్నాడు."

టీచరమ్మకి ఏమీ అర్థం కాలేదు, పాపం. "ఆయన లేకపోతే ఏమవుతుందండీ?" అని అడిగింది.

షన్ టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"వాడు లేకపోతే, అమ్మా, మాకు మిగిలేది పడవ మీద రాసిందే."